నది నేర్పిన పడవలు

ఒకప్పుడు మిసిసిపీ నదిలో దిగువకు సాగిపోయిన సరకుపడవ మరల ఎగువకు వచ్చెడిది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ ఉత్తరమునుండి దక్షిణమునకు ప్రవహించు ఈ మహానది పొడవు సుమారు 3,700 కిలోమీటర్లు. తూర్పునుండి ఒహాయో నదియు, పడమటినుండి మిస్సోరి నదియు వచ్చి దానిలో కలియుచున్నవి. ఈ నదుల తీరములందు వ్యవసాయము చేయువారు గోధుమపిండిని, మొక్కజొన్నలను, ఉప్పువేసి నిలువచేసిన మాంసమును చదునైన అడుగుగల పెద్ద చెక్కపడవలలో నింపుకొని, వానిని ప్రవాహమునకు వదలి, సముద్రమునకు చేరువనున్న న్యూ ఆర్లియన్సు నగరమునకు చేరెడివారు. సరకు అమ్ముడుపోయిన పిమ్మట పడవను సైతము విప్పి పలకలుగా అమ్మివేసి, అడవిదారుల వెంట వందల మైళ్లు నడచి ఇల్లు చేరెడివారు. ఏటికి ఎదురుగా పడవను నడపుట అంత కష్టమైన పని.

కష్టమే గాని బొత్తిగా అసాధ్యము కాదు. రెండు కొనలును సన్నగిల్లియుండు మరియొక తెగ పడవలు ఎగువకును పోగలిగెడివి. వానిని గడకర్రలతో నెట్టుచు, గట్టువెంట నడచి మోకులతో లాగుచు, ఒడ్డుననున్న చెట్లకొమ్మలను పట్టి గుంజుచు పడవవాండ్రు ముందుకు కొనిపోయెడివారు. న్యూ ఆర్లియన్సునుండి ఒహాయో నదిపైనున్న లూయీవిల్లు పట్టణమునకు పోవుటకు మూడు నాలుగు మాసములు పట్టెడిది. ఇట్టి కాలమున ఆవిరియంత్రము మానవుని భుజబలమునకు తోడుగా వచ్చెను.

ఆవిరితో పడవ నడపవచ్చునని అమెరికనులకు మొదట కన్నులార చూపినవారిలో జాన్ ఫిచ్ ముఖ్యుడు. 1787వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరమున దేశమునకు రాజ్యాంగమును రచించుటకు పెద్దలు సమావేశమైయుండగా, అచ్చటి డెలావేరు నదిలో అతడు తన పడవను నడపి చూపెను. 1790లో ఆ నదిపై ప్రయాణికులను కూడ చేరవేసెను. కాని ఎక్కువమంది ఎక్కలేదు, ఖర్చులు రాలేదు. అతడు నిరాశతో 1798లో మరణించెను. ఫలము రాబర్టు ఫుల్టనునకు దక్కెను. 1807 ఆగస్టులో ఫుల్టను పడవ న్యూయార్కునుండి హడ్సను నదిమీద ఆల్బనీ నగరమునకు 150 మైళ్ల దూరమును 32 గంటలలో చేరెను. అందలి యంత్రము ఇంగ్లండునందు తయారైనది.

హడ్సను నది లోతైనది, నెమ్మదియైనది. మిసిసిపీ అట్టిది కాదు. వేసవిలో దానియందు ఇసుకతిన్నెలు బయటపడును. వరదలో గట్లు విరిగి చెట్లు కూకటివ్రేళ్లతో వచ్చి నీటిలో పడును. ఆ మ్రాకులు అడుగున బురదలో నాటుకొని, ఈటెలవలె మొనలు పైకెత్తి, పడవ పొట్టను చీల్చుటకు పొంచియుండును. నది తన దారిని కూడ తరచుగా మార్చుకొనుచుండును.

ఇట్టి నదిపై నడచిన మొదటి ఆవిరిపడవ పేరు న్యూ ఆర్లియన్సు. నికొలాసు రూజువెల్టు అను యంత్రజ్ఞుడు పిట్సుబర్గులో దానిని నిర్మించి, 1811 అక్టోబరులో బయలుదేరెను. నిండుచూలాలైన అతని భార్య లిడియా, బంధువులు వలదన్నను వినక భర్తతో ప్రయాణమయ్యెను. ఒహాయో నదిలో రాతిచరియలను దాటుటకు చాలినంత నీరు లేనందున పడవ లూయీవిల్లు వద్ద ఆగిపోగా, అచ్చటనే ఆమె బిడ్డను కనెను. నీరు పెరిగిన తరువాత వారు ముందుకు సాగిరి. అంతలో, డిసెంబరు 16న, గొప్ప భూకంపము వచ్చెను. గట్లు కూలెను, లంకలు మునిగెను, పడవ నడపువాడు తాను ఎరిగిన దారిని గుర్తింపలేకపోయెను. ఐనను ఆ పడవ 1812 జనవరిలో క్షేమముగా న్యూ ఆర్లియన్సు చేరెను. కాని దాని బరువైన యంత్రమునకు నదిని ఎదిరించి తిరిగి పిట్సుబర్గు పోవు శక్తి లేకపోయెను. అది దిగువనున్న రేవుల నడుమ తిరిగి, 1814లో నీటిలోని మ్రాకు మోడు తగిలి మునిగిపోయెను.

హడ్సను నదికి తగిన పడవ మిసిసిపీకి తగదని ఆ నావ చాటిచెప్పెను. హెన్రీ ష్రీవు మొదలైన నావికులు ఈ పాఠమును గ్రహించిరి. 1815లో ష్రీవు నడపిన ఎంటర్‌ప్రైజు అను పడవ న్యూ ఆర్లియన్సునుండి 25 దినములలో లూయీవిల్లు చేరెను. మూడు నెలల పయనము నెలలోపునకు తగ్గెను. మరుసటి సంవత్సరమున అతడు వాషింగ్టను అను రెండంతస్తుల పడవను నిర్మించెను. అధికపీడనముగల ఆవిరితో నడచు తేలికైన యంత్రమును అందులో ఉంచెను. బాయిలర్లను పడవ పొట్టలో దింపక పై తట్టుమీద అమర్చెను. మొదట నదులపై ఆవిరిపడవలు నడపు హక్కు తమదేయని ఫుల్టను పక్షమువారు వాదించిరి. 1824లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఇట్టి గుత్తహక్కు చెల్లదని తీర్పు చెప్పెను. అంతట నదులన్నియు అందరికిని తెరువబడెను.

కాలక్రమమున మిసిసిపీ పడవకు ఒక ప్రత్యేకమైన రూపము ఏర్పడెను. దాని అడుగు పళ్లెమువలె చదునై, నీటిలో కొద్దిగానే మునుగును. క్రింది అంతస్తున బాయిలర్లు, యంత్రము, కట్టెలు, పత్తిబేళ్లు ఉండును. పేద ప్రయాణికులు వాని సందులలోనే పండుకొనెడివారు. దానిపై అంతస్తున ధనికుల గదులును, చిత్రముగా అలంకరించిన భోజనశాలయు నుండును. దానికిని పైన ఉద్యోగుల గదులు. అన్నింటికంటె ఎత్తున నలువైపుల అద్దములుగల చుక్కాని గది. నిప్పురవ్వలు పడవపై రాలకుండుటకును, పొయ్యిలో గాలి బాగుగ లాగుటకును రెండు పొగగొట్టములు ఆకాశమునంటునట్లు నిలిచియుండును. పలుచని అడుగు బరువునకు వంగిపోకుండ ముందుకొననుండి వెనుకకొనవరకు ఇనుపకడ్డీలు బిగించెడివారు.

చక్రమును అమర్చు చోటునుబట్టి ఈ పడవలు రెండు తెగలు. ఇరుప్రక్కల చెరియొక తెడ్లచక్రము గలవి మొదటి తెగ. ఒక చక్రమును ముందునకును, రెండవదానిని వెనుకకును త్రిప్పినచో ఇట్టి పడవ ఉన్నచోటనే తిరుగగలదు. వంకరలు మిక్కుటముగాగల నదిలో, క్రిక్కిరిసిన రేవులలో ఇది గొప్ప సౌకర్యము. వేగముగా పోవు ప్రయాణికుల పడవలు పెక్కు ఈ తెగలోనివే. వెనుకవైపున ఒకే పెద్ద చక్రము గలవి రెండవ తెగ. పడవయే అడ్డముగా నుండుటచే తేలివచ్చు దుంగల దెబ్బ ఆ చక్రమునకు అంతగా తగులదు. వెడల్పు తగ్గుటచే ఇరుకు పాయలలోనికి పోగలదు. నీరు తక్కువైనను నడువగలదు. అందుచే కాలము గడచినకొలది చిన్న నదులలో ఈ తెగయే నిలిచినది.

చేయు పనినిబట్టి కూడ తెగలు కలవు. నియమితమైన రేవుల నడుమ తపాలాను, జనమును, సరకును చేర్చునవి ప్యాకెట్టు పడవలు. మిస్సోరి నదిపై కొండల దేశమునకు పోవునవి మిక్కిలి తేలికైనవి. మూడు నాలుగు అడుగుల నీటిలో నడచునవి. అవి ఇసుకమేటపై చిక్కినప్పుడు ముందువైపున రెండు పొడవైన దూలములను నదియడుగున నాటి, యంత్రముచే మోకులను బిగించి, పడవను ఎత్తి ముందుకు నెట్టెడివారు. మిడుతవలె కాళ్లు మోపి దుమికినట్లు కనబడుటచే ఆ పద్ధతికి మిడుతనడక యని పేరు వచ్చెను. ఇట్లు నడచి 1860లో ఆవిరిపడవలు మిస్సోరి ఎగువనున్న ఫోర్టు బెంటనువరకు చేరెను.

దోనెలను గుంపుగా కట్టి వెనుకనుండి నెట్టు పడవలు మరియొక తెగ. స్ప్రేగు అను అట్టి పడవ 1907లో 60 దోనెలలో 67,000 టన్నులకు మించిన బొగ్గును ఒక్కసారిగా కొనిపోయెను. నాటకములాడు పడవలును ఉండెను. 1831లో చాప్మను అను నటుని కుటుంబము తేలియాడు నాటకశాలను కట్టుకొని ఊరూర ఆగుచు నదిపై దిగువకు సాగెను. మ్రాకులను పెరికివేయు పడవ అన్నింటికంటె ఉపకారియైనది. రెండు అడుగుభాగములను జోడించి ష్రీవు 1829లో హీలియోపోలిసు అను నావను కట్టించెను. అది మునిగియున్న మ్రాకులను ఢీకొని, పైకిలాగి, కోసి పారవేసెడిది. ఇట్టి పడవలకు జనులు ప్రభుత్వమువారి పండ్లు పీకు పడవలని పరిహాసముగా పేరిడిరి. రెడ్ రివర్ అను నదిలో నూరు మైళ్లకు మించి పేరుకొన్న మ్రాకుల తెట్టను ష్రీవు 1833 మొదలు 1838 వరకు శ్రమించి తొలగించెను. అచ్చట వెలసిన ష్రీవుపోర్టు నగరము అతని పేరు మోయుచున్నది.

పడవ యెంత గొప్పదైనను దానిని నడపువాని కన్ను, జ్ఞాపకము గొప్పవి కావలెను. చీకటిలో సైతము ప్రతి మలుపును, ప్రతి తిన్నెను సరంగు ఎరిగియుండవలెను. సామ్యూలు క్లెమెన్సు అను యువకుడు రెండేండ్లు శిష్యరికము చేసి 1859లో సరంగు పట్టా పొందెను. నీటిలోతు చూచువాడు సీసపుగుండు కట్టిన త్రాటిని విడిచి, రెండు బారల లోతున్నదని తెలియుటకు “మార్కు ట్వేను” అని కేకవేసెడివాడు. 12 అడుగుల నీరున్నది, భయములేదని దాని భావము. క్లెమెన్సు రచయితయైన పిమ్మట ఆ కేకనే తన కలము పేరుగా గ్రహించెను.

ఈ పడవల వైభవమునకు వెనుక దుఃఖమును కలదు. అవి దిగువకు మోసిన పత్తి బానిసల చెమటతో పండినది. ఆ బానిసలను సైతము అమ్మకమునకై ఆ పడవలపైననే తరలించిరి. అట్టి పడవలలో పనిచేసిన విలియం వెల్స్ బ్రౌను అను బానిస 1834లో సిన్సినాటి రేవున పడవ దిగి పారిపోయి స్వేచ్ఛ పొందెను. అటుపిమ్మట తన జీవితమును గ్రంథముగా రచించెను. 1837లో మిస్సోరిపై ఎగువకు పోయిన ఒక పడవతో మశూచి ప్రవేశించి, మాండను తెగవారిలో అధికసంఖ్యాకులను బలిగొనెను.

ప్రయాణికులకును ప్రాణభయము తప్పలేదు. నదినుండి తోడిన నీటిలోని బురద బాయిలరు అడుగున పేరుకొని, ఇనుము మితిమీరి కాగెడిది. పోటీపడి పోవునప్పుడు ఆవిరి తప్పించుకొను మూతపై కొందరు బరువులు పెట్టెడివారు. ష్రీవు నిర్మించిన వాషింగ్టనులోనే 1816లో బాయిలరు ప్రేలి కొందరు మరణించిరి. 1838లో సిన్సినాటి వద్ద మోసెల్ అను పడవ ప్రేలి నూరుమందికి పైగా చనిపోయిరి. క్లెమెన్సు తమ్ముడు హెన్రీ 1858లో ఇట్టి ప్రమాదముననే అసువులు బాసెను. 1838లో చేసిన చట్టము బలహీనమైనది. 1852లో మరియొక చట్టము చేసి, బాయిలర్లను పరీక్షించుటకు అధికారులను నియమించి, సరంగులును యంత్రజ్ఞులును పట్టా పొందవలెనని శాసించిరి. ప్రమాదములు కొంత తగ్గెను.

కాని చట్టమును పాటింపవలసినది మనుష్యులే. 1865లో అంతర్యుద్ధము ముగియుచుండగా, శత్రుశిబిరముల చెరలలో చిక్కి శల్యములైన సైనికులు విడుదల పొంది ఇండ్లకు మరలుచుండిరి. వారిని చేర్చు పడవలకు ప్రభుత్వము తలకింతయని రుసుము ఇచ్చెడిది. విక్సుబర్గు రేవున సుల్తానా అను పడవ బాయిలరు కారుచుండెను. పూర్తిగా బాగుచేయవలెనని పనివాడు చెప్పెను. దినములు వృథాయగునని, రాబడి పోవునని తలచి, ఒక రేకు అతుకువేయించి పయనమైరి. 376 మందికి మాత్రము అనుమతిగల ఆ పడవపై రెండువేలమందికి మించి ఎక్కించిరి. ఏప్రిల్ 27వ తేది రాత్రి రెండు గంటల వేళ, మెంఫిసు నగరమునకు కొంచెము ఎగువన, వరదతో పొంగుచున్న నది నడుమ బాయిలర్లు ప్రేలెను. 1,100 మందికి పైగా కాలియు మునిగియు మృతినొందిరి. యుద్ధమును, చెరను దాటి బ్రదికిన వారు ఇంటిదారిలో మరణించిరి. అమెరికా నౌకాయాన చరిత్రలో ఇంతటి జననష్టము మరొకసారి కలుగలేదు. నాయకుడును పడవతోనే పోయెను. మిగిలినవారిలో తుదకు ఎవ్వరును శిక్షింపబడలేదు. 1871లో చట్టమును మరింత కట్టుదిట్టము చేసిరి.

అప్పటికే రైలుబండి వచ్చెను. 1870లో రాబర్టు ఇ. లీ, నాచెజ్ అను రెండు పడవలు న్యూ ఆర్లియన్సునుండి సెయింటు లూయీ నగరమునకు పందెము వేసికొనగా, లీ 3 దినముల 18 గంటల 14 నిమిషములలో గెలిచెను. వేలకొలది జనులు గట్లపై నిలిచి జయజయధ్వానములు చేసిరి. నాలుగేండ్లు గడచునప్పటికి, 1874లో, ఆ నగరముననే నదిపై గొప్ప ఉక్కువంతెన పూర్తియై, రైళ్లు నిరాటంకముగా దాటిపోవసాగెను. నీరెండినను, మంచు కట్టినను రైలునకు ఆటంకము లేదు. క్రమముగా ప్రయాణికులు పడవలను విడిచిరి. పిమ్మట డీజెలు యంత్రములు ఆవిరిని తొలగించెను. ఐనను బరువైన ధాన్యమును, బొగ్గును దోనెలలో నెట్టుకొనిపోవు పద్ధతి నేటికిని ఆ నదిపై నిలిచియున్నది.

1914లో నిర్మింపబడి, బెల్ ఆఫ్ లూయీవిల్లు అని పేరొందిన వెనుకచక్రపు పడవకు 2014లో నూరేండ్ల పండుగ జరిగినది. దానిని చూచువారికి తెల్లని అంతస్తులు, ఎఱ్ఱని చక్రము, ఎత్తైన గొట్టములు ముచ్చట గొలుపును. నదిని గెలువవలెనని గాక నదిని తెలిసికొనవలెనని యత్నించిన తరములవారు ఆ రూపమును తీర్చిరి. పడవకు ఏ రూపము తగునో నది నేర్పినది. కారుచున్న బాయిలరును చూచినప్పుడు రాబడిని వదలుకొని ఆగవలెనను పాఠమును మాత్రము మనుష్యులు తమంతట తామే నేర్చుకొనవలసియుండెను. అది నేర్చుటకు ఆలస్యమైనందున ఎందరో ఇల్లు చేరలేదు.