పులిజూదము

నల్లగొండ, మహబూబునగరం సీమలు మెట్ట పొలములకును, గొఱ్ఱెల మందలకును పేరుపొందినవి. దక్షిణమున కృష్ణానది వెంట నల్లమల అడవులు వ్యాపించియున్నవి. అమ్రాబాదు ప్రాంతమున నేటికిని పులులు కలవు. అట్టిచోట పులులును, మేకలును తలపడు ఆట పిల్లలకు ప్రియమగుటలో వింత లేదు. దానినే పులిజూదమందురు. పేరు జూదమే కాని, ఇందు పాచికలు లేవు. అదృష్టమునకు చోటు లేదు. ఆలోచనయే ఆధారము.

ఆటకు కావలసినవి మూడు గులకరాళ్లు, 15 చింతగింజలు, బండపై సుద్దతో గీసిన పటము. శిఖరమునుండి నాలుగు గీతలు క్రిందికి దిగును. మూడు అడ్డగీతలు వానిని ఖండించుచు ఇరుప్రక్కలకు సాగును. వాని కొనలను ఇరువైపుల నిలువుగీతలు కలుపును. అడుగున మరియొక గీత యుండును. ఇట్లు 23 స్థానములేర్పడును. రాళ్లు పులులు, గింజలు మేకలు. ఒక మేకను పెట్టినప్పుడెల్ల ఒక పులి కదలును. ప్రక్కనున్న మేకకు ఆవల, అదే గీతపై, ఖాళీ యున్నచో పులి దుమికి దానిని చంపును. మేకలన్నిటిని పెట్టిన పిదపగాని అవి కదలరాదు. మూడు పులులకును కదలుటకు చోటు లేకుండ చేసినచో మేకలదే గెలుపు.

పాలమూరు పల్లెలనుండి కూలికై దూరప్రాంతములకు వలసపోవుట చిరకాలముగ నున్నదే. తల్లిదండ్రులు పోయినపుడు పిల్లలు పలువురు అవ్వల కడను, తాతల కడను పెరుగుదురు. అట్టి తాతయు, మనుమడును వేపచెట్టు క్రింద ఈ యాటకు కూర్చుండినట్లు ఊహింపుడు.

“పులులు నాకు కావలెను, తాతా!” అనును మనుమడు.

“ముందు మేకలను కాచుట నేర్చుకొనుము, బిడ్డా” అని తాత గింజలను వాని దోసిట పోయును.

బాలుడు తొందరపడి గింజలను ఎడమెడముగా పెట్టును. పులి దుముకును. ఒక మేక పోవును, మరియొకటి పోవును. బాలుని కన్నుల నీరు నిండును. తాతకు జాలి కలుగును. తెలియనట్లు ఒక తప్పుటడుగు వేసి మనుమని గెలిపించుట ఆయనకు కష్టము కాదు. కాని ఆయన అట్లు చేయడు, ఎత్తును చెప్పడు. “ఈ మేక యెందుకు చచ్చినది?” అని మాత్రమడుగును.

బాలుడు చాలసేపు పటమును చూచును. “దీని వెనుక ఎవరును లేరు, తాతా.”

అదియే ఆనాటి పాఠము. మరునాడు వాడు గింజలను ఒకదానికొకటి అండగా పెట్టును. అప్పుడును ఓడును, కాని తక్కువ మేకలు చచ్చును. కొన్నాళ్లకు మూడు పులులును చిక్కును. “నేను ఓడితిని, బిడ్డా” అని తాత రాళ్లను మనుమని చేతికిచ్చును. పులులకును దారి విడిచి యుంచుకొను నేర్పు కావలెనని వాడు ఇక తెలిసికొనును.

చదరంగమునకును గురుత్వము ఇంటనే మొదలుకావచ్చును. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తొలి గురువు తండ్రి అశోక్. ఆమె 2002లో, 15 ఏండ్ల వయసున, గ్రాండ్‌మాస్టర్ అయినది.

జాలితో ఇచ్చిన గెలుపు ఆ పూటకు నవ్వించును. ఓడి, కారణమును వెదకి, తానుగా సాధించిన గెలుపు బుద్ధిలో నిలుచును. పులి బలముగలదే, కాని వెనుక అండయున్న మేకపై దుముకలేదు. బాలురారా, మీ యింటి పెద్దలను ఈ పటము గీయుమని అడుగుడు. ముందు మేకలను కోరుకొనుడు.