పచ్చని దేవత

అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. శాన్‌ఫ్రాన్సిస్కో సమీపాన పుట్టి పెరిగిన మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి సరిగా పలకదు. సెలవులకు విజయవాడ వచ్చిన ఆ పిల్లకూ, డెబ్బై అయిదేళ్ళ ఆ ముసలమ్మకూ మధ్య మొదటి పదిరోజులూ నడిచిన సంభాషణ రెండే మాటలు: "తిన్నావుటే?", "తిన్నాను అమ్మమ్మా". ఇద్దరికీ ఒకరిపై ఒకరికి ప్రేమ లేక కాదు. అది ప్రవహించడానికి కాలువ లేదు.

పదకొండోనాడు మనవరాలు వంటింట్లోకి వచ్చి, తమ ఊరి వంటకం ఒకటి చేసిపెడతానన్నది. పచ్చి కూరముక్కల మీద పోసుకునే చిక్కని ఆకుల మిశ్రమం. పేరు 'గ్రీన్ గాడెస్'. ఆ మాటకు అర్థమేమిటని ముసలమ్మ కూతురినడిగింది. "పచ్చని దేవత" అన్నది కూతురు. ముసలమ్మ చేస్తున్న పని ఆపి, "ఏ అమ్మవారే ఇది?" అన్నది.

ఆ ప్రశ్నకు సమాధానం చిన్నది కాదు. ఆ వంటకం శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాలెస్ హోటలులో 1923 ప్రాంతంలో పుట్టిందని ప్రతీతి. అక్కడి ప్రధాన పాకశాస్త్రజ్ఞుడు ఫిలిప్ రోమర్, జార్జి ఆర్లిస్ అనే నటుని గౌరవార్థం దానిని తయారు చేశాడంటారు. ఆర్లిస్ అప్పుడు 'ది గ్రీన్ గాడెస్' నాటకంలో నాయకుడు. హిమాలయాలలో రుఖ్ అనే కల్పిత రాజ్యం. అక్కడ విమానం కూలి ముగ్గురు ఆంగ్లేయులు చిక్కుకుంటారు. ఆ రాజ్యపు ప్రజలు కొలిచే పచ్చని దేవతకు వారిని బలి ఇవ్వాలన్నదే కథ. ఆ రాజు వేషమే ఆర్లిస్‌ది.

నాటకకర్త విలియం ఆర్చర్ సామాన్యుడు కాడు. నార్వేలో బంధువుల మధ్య బాల్యంలో కొంతకాలం గడిపి ఆ భాష నేర్చి, ఇబ్సెన్ నాటకాలను ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదకుడు. 1889లో లండనులో 'ఎ డాల్స్ హౌస్' ఆడినది అతని అనువాదంతోనే. అటువంటి వాడే 1917లో 'ఇండియా అండ్ ది ఫ్యూచర్' అనే గ్రంథంలో భారతీయ సంస్కృతిని తీవ్రంగా తూలనాడాడు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సర్ జాన్ ఉడ్రఫ్ 1918లో ఒక పుస్తకంతో సమాధానం చెప్పగా, శ్రీ అరవిందులు పుదుచ్చేరి నుండి వెలువడే 'ఆర్య' పత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాశారు. 1921 జనవరిలో 'ఆర్య' నిలిచిపోయింది. ఆ నెలలోనే న్యూయార్కులో ఆర్చర్ నాటకం తెర లేచింది. ఒక పరాయి భాషలోని గుండె చప్పుడును అంత చక్కగా విన్న చెవికి, మరొక దేశపు దేవత గొంతు రక్తదాహంగానే వినిపించడం విచారకరమైన విషయం.

కూతురు ఇదంతా చదివి వినిపించేసరికి మనవరాలి ముఖం చిన్నబోయింది. చిన్ననాటి నుండి ఇష్టంగా తిన్న వంటకం పేరులో తన అమ్మమ్మ కొలిచే దేవతకు అవమానం దాగి ఉన్నదని ఆ పిల్ల ఎరుగదు. చేయననేసింది.

"పెరుగు తోడుపెట్టి ఉంది, ఆకు కడిగి ఉంది. ఇప్పుడు మానేస్తావా?" అన్నది ముసలమ్మ.

అసలు వంటకానికి ఆధారం మయొనేజ్. గుడ్డులోని పచ్చసొనను గిలకొడుతూ నూనెను చుక్కచుక్కగా పోయాలి. సొనలోని లెసిథిన్ అనే పదార్థం నూనె బిందువులను విడివిడిగా పట్టి నిలుపుతుంది, తొందరపడితే విరిగిపోతుంది. అందులో పార్స్లీ, చైవ్స్, టారగాన్ ఆకులు, ఉప్పులో ఊరిన నెత్తళ్ళ జాతి చేప కలుపుతారు. ఆ ఇంట గుడ్డూ చేపా రెండూ రావు. కనుక పెరుగే దిక్కు.

మొదటి ప్రయత్నం నీళ్ళనీళ్ళయింది. "తడి ఆకు నూరితే అంతే. ఆకు గుడ్డ మీద ఆరబెట్టు, పెరుగు మూటకట్టి వేలాడదియ్యి" అన్నది అమ్మమ్మ. అరలీటరు పెరుగు మూడు గంటలు వేలాడి వెన్నలా మిగిలింది. పార్స్లీకి జ్ఞాతి అయిన కొత్తిమీర గుప్పెడు, పది పుదీనా ఆకులు, రెండు ఉల్లికాడలు, టారగాన్ సువాసనకు బదులు చిటికెడు సోంపుపొడి, ఉప్పు, మిరియాలు, రెండు చెంచాల నూనె, అరచెక్క నిమ్మరసం. అన్నీ మెత్తగా నూరి పెరుగులో కలిపారు. దోసముక్కను అందులో ముంచి నోట వేసుకుని, "పెరుగుపచ్చడే! తాలింపు మరచిపోయారు మీ వాళ్ళు" అన్నది ముసలమ్మ. మనవరాలు నవ్వింది.

మరునాడు ముగ్గురూ ఇంద్రకీలాద్రి ఎక్కారు. ఆషాఢమాసం కావడంతో అక్కడ శాకంబరీ ఉత్సవాలు. కనకదుర్గమ్మ నిలువెల్లా ఆకుకూరలూ కాయగూరలూ. వరుసలో నిలబడి అమ్మమ్మ నెమ్మదిగా, మనవరాలికి అర్థమయ్యే చిన్న చిన్న మాటలతో కథ చెప్పింది. వానలు లేవు. కరువు వచ్చింది. అమ్మ తన ఒంటి నుంచే కూరలు మొలిపించింది. లోకానికి అన్నం పెట్టింది.

"పచ్చని దేవత అంటే ఈవిడే. బలి అడిగేది కాదే తల్లీ, పెట్టేది. ఆయనెవరో సరిగా వినలేదు" అన్నదామె.

ఆగస్టులో మనవరాలు తిరిగి వెళ్ళింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పిల్ల చేసే పచ్చనిదానిలో ఇప్పుడు చేప లేదు, గుడ్డు లేదు; పైన ఆవాలు, ఎండుమిరపకాయ తాలింపు ఉన్నది. అసలు వంటకం ఎరిగినవారు అది తప్పు అనవచ్చు. ప్రతి ఆదివారం ఫోనులో మాత్రం ఇంకా అదే ప్రశ్న, "తిన్నావుటే?" కాని ఇప్పుడు సమాధానం ఒక్కమాటతో ముగియడం లేదు.