బోల్డెన్ ఇంటి అడ్రస్

న్యూ ఆర్లీన్స్‌కి ఎవరు వెళ్లినా ముందు తేలేది బర్బన్ స్ట్రీట్‌లోనే. రంగు లైట్లు, ప్లాస్టిక్ గ్లాసుల్లో మందు, మెళ్లో పూసల దండలు. ఓ గంట సరదాగా ఉంటుంది, నాలుగు రీల్స్ కూడా వస్తాయి. జాజ్ కోసం వెళ్తే మాత్రం అక్కడ ఆగిపోవద్దు. మూడు వీధులు నడిస్తే రాంపార్ట్ స్ట్రీట్ వస్తుంది. అది దాటగానే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో పెద్ద ఆర్చి, లోపల పార్కు. అందులో ఓ పక్కన, గుండ్రంగా రాళ్లు పరిచి ఉన్న జాగాయే కాంగో స్క్వేర్.

అక్కా బావా హ్యూస్టన్‌లో ఉంటారు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి వాళ్లింటికెళ్లి, బావని బతిమాలి ఆరు గంటలు కారు నడిపించి మరీ ఇక్కడికొచ్చా. “చూడ్డానికేముందిరా? ఖాళీ జాగా” అన్నాడు బావ. నిజమే మరి. ఈ ఊళ్లో జాజ్ చరిత్ర చూడాలంటే సగం ఖాళీ జాగాలే చూడాలి.

1817లో ఈ నగరం ఒక రూలు పెట్టింది. బానిసలు గుమిగూడాలంటే ఆదివారం మాత్రమే, అది కూడా మేయర్ చెప్పిన చోట మాత్రమే. ఆ చోటు ఇదే. వారమంతా వెట్టిచాకిరీ చేసినవాళ్లు ఇక్కడికొచ్చి ఆఫ్రికా డప్పులు వాయించుకునేవాళ్లు, ఆడేవాళ్లు, కూరగాయలూ తినుబండారాలూ అమ్ముకుని నాలుగు డబ్బులు కూడబెట్టుకునేవాళ్లు. అమెరికాలో మిగతా చాలాచోట్ల బానిసల చేతిలో డప్పు కనిపిస్తేనే నేరం. ఇక్కడ మాత్రం ఆ దరువు బతికింది.

దరువు ఒక్కటే ఉంటే జాజ్ పుట్టేది కాదు. ఈ ఊళ్లో క్రియోల్ కుటుంబాలుండేవి. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు, నొటేషన్ చూసి వాయించేవాళ్లు. ఊరికి పైభాగాన ఉండే పేద నల్లవాళ్లేమో చెవితో విని వాయించేవాళ్లు. ఇద్దరికీ పెద్దగా పొత్తు కుదిరేది కాదు. ఇంతలో జాతి వివక్ష చట్టాలొచ్చాయి. ఈ ఊరి చెప్పుల పనివాడు హోమర్ ప్లెస్సీ 1892లో తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1896లో ఓడిపోయింది. ప్లెస్సీ కూడా క్రియోలే. చట్టం దృష్టిలో ఇప్పుడందరూ ఒకటే గాటన కట్టేసిన నల్లవాళ్లు. చదువుకున్న క్లారినెట్టూ చెవితో నేర్చిన కార్నెట్టూ ఒకే బ్యాండులో కూర్చోక తప్పలేదు. అన్యాయం పుణ్యమా అని సంగీతం పుట్టింది అనడం నాకు నచ్చదు. వాళ్లు ఆ అన్యాయంలో కూడా పని మానలేదు, అంతే.

తర్వాత సెంట్రల్ సిటీలో 2309 ఫస్ట్ స్ట్రీట్‌కి వెళ్లాం. చిన్న చెక్క ఇల్లు. బడ్డీ బోల్డెన్ ఇక్కడే ఉండేవాడు. 1900 ప్రాంతంలో ఈ ఊరికి అతనే హీరో. అతని కార్నెట్ మైళ్ల దూరం వినపడేదని చెప్పుకునేవాళ్లు. 1907లో మతి చెడి, జాక్సన్ అనే ఊళ్లోని మానసిక ఆసుపత్రికి పంపారు. 24 ఏళ్లు అక్కడే ఉండి 1931లో చనిపోయాడు. హోల్ట్ శ్మశానంలో పేదల మధ్య పాతిపెట్టారు. సరిగ్గా ఎక్కడో గుర్తు కూడా లేదు. అన్నిటికన్నా నన్ను పట్టి కుదిపింది ఇంకోటి. బోల్డెన్ వాయించింది ఒక్క సెకను కూడా మనకు లేదు. మైనపు సిలిండర్ మీద ఒకసారి రికార్డు చేశారని కథ ఉంది. అది ఇప్పటిదాకా దొరకలేదు.

మా తాతయ్య తెనాలి దగ్గర బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాడు. పెళ్లి ఊరేగింపుల్లో ఘంటసాల పాటలు ఆయన ఊదుతుంటే పెళ్లికొడుకుని వదిలేసి మేళం చుట్టూ చేరేవాళ్లట. అట, అనే అనాలి. ఒక్క క్యాసెట్ కూడా లేదు. ఎర్ర కోటు వేసుకున్న ఫొటో ఒకటుంది. అందులో తాతయ్య బుగ్గలు ఉబ్బి ఉంటాయి, శబ్దం మాత్రం రాదు. బోల్డెన్ ఫొటో కూడా ఒక్కటే మిగిలింది. ఆ ఇంటి ముందు నేను ఎందుకు అంతసేపు నిలబడ్డానో బావ అడగలేదు.

రికార్డుల కథ కూడా అలాగే ఏడ్చింది. మొదటి జాజ్ రికార్డు 1917లో వచ్చింది. వాయించినవాళ్లు ఈ ఊరివాళ్లే, తెల్లవాళ్లు, ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండు. బోల్డెన్ తర్వాత అతని గద్దెనెక్కిన కింగ్ ఆలివర్, అతని శిష్యుడు ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసింది 1923లో. అదీ షికాగో వెళ్లిపోయాకే. ఆ రికార్డు వినండి. కార్నెట్ పాటని నడుపుతుంది, క్లారినెట్ పైన తీగలా అల్లుకుంటుంది, ట్రాంబోన్ కింద జారుతూ ఉంటుంది. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాటకొకరు అడ్డు రారు. మన ఉమ్మడి కుటుంబాల్లో ఎప్పుడూ జరగని పని.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వరస మార్చేశాడు. ఒక్కడే ముందుకొచ్చి కథంతా చెప్పడం, అంటే సోలో, అతని హాట్ ఫైవ్ రికార్డులతో నిలబడింది. 1924లో న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో చేరి అక్కడివాళ్లకి ఆ ఊపు రుచి చూపించాడు. పదేళ్లు తిరిగేసరికి పెద్ద బ్యాండులు, డ్యాన్స్ హాళ్లు, స్వింగ్ యుగం. 1935లో బెనీ గుడ్‌మన్ దేశాన్ని ఊపేసినప్పుడు అతని చేతిలో ఉన్నవి చాలావరకు హెండర్సన్ రాసిన అరేంజ్‌మెంట్లే. పేరు గుడ్‌మన్‌కొచ్చింది.

మరి ఆర్మ్‌స్ట్రాంగ్‌ని సొంతూరు ఎలా చూసుకుంది? నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఒకే స్టేజీ మీద వాయించకూడదని లూసియానా 1956లో చట్టం చేసింది. అతని బ్యాండులో ఇద్దరూ ఉన్నారు. “అయితే నేను రాను” అని 1965 వరకూ ఇక్కడ వాయించలేదు. ఈలోగా 1964లో అతను పుట్టిన ఇల్లు కూలగొట్టారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుకి అతని పేరే. సౌత్ రాంపార్ట్‌లో కార్నాఫ్‌స్కీ అనే యూదు కుటుంబం కొట్టు ఉండేది. చిన్నప్పుడు అతనికి పనిచ్చి, అన్నం పెట్టి, మొదటి కార్నెట్ కొనుక్కోడానికి డబ్బు సాయం చేసిన కుటుంబం. ఆ కట్టడం 2021 ఆగస్టులో ఐడా తుఫానుకి కూలిపోయింది. చుట్టూ ఉన్నవి కార్ పార్కింగ్‌లు.

సాయంత్రం ప్రిజర్వేషన్ హాల్‌కి వెళ్లాం. 1961లో పెట్టారు. చెక్క బెంచీలు, మందు అమ్మరు, వాయించేటప్పుడు ఫోను తీయనివ్వరు. టికెట్ ముందే బుక్ చేసుకోండి. బాగుంది. కానీ నాకు అసలు జాజ్ దొరికింది మర్నాడు, ఆదివారం, ఫ్లైఓవర్ కింద.

ట్రెమే పేటలో క్లెయిబోర్న్ అవెన్యూ అని ఉంది. వరసలుగా ఓక్ చెట్లు, నల్లవాళ్ల దుకాణాలు. 1960ల్లో చెట్లు కొట్టేసి పైన హైవే కట్టారు. పేటవాళ్లు తర్వాత ఆ సిమెంటు స్తంభాల మీద చెట్ల బొమ్మలు గీయించుకున్నారు. ఊరేగింపు వస్తే ఇప్పటికీ ఆ వంతెన కిందికే వస్తుంది. దీన్నే సెకండ్ లైన్ అంటారు. ఎవరైనా పోతే శ్మశానందాకా బ్యాండు నెమ్మదిగా భక్తిగీతం వాయిస్తుంది, పాతిపెట్టాక ఒక్కసారిగా హుషారెక్కుతుంది. బ్యాండు వెనక గొడుగులు, రుమాళ్లు ఊపుతూ ఆడేవాళ్లే రెండో వరస. చావుకి డప్పు కొట్టే ఊరివాళ్లం, మనకి ఇది విడ్డూరమేమీ కాదు. ఆదివారాలు చావు లేకపోయినా, పేట సంఘాలు ఊరేగుతాయి.

వంతెన కిందికి రాగానే ట్యూబా శబ్దం రెట్టింపయింది, సిమెంటు మొత్తం మోగింది. బావ ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ చప్పట్లు కొడుతున్నాడు. పక్కనున్న ఓ ముసలావిడ నవ్వి, అతని మణికట్లు పట్టుకుని రెండుకీ నాలుగుకీ కొట్టించింది. స్వింగ్ మీద పది వీడియోలు చూసినా రాని ముక్క అర నిమిషంలో వచ్చేసింది.

ట్రాంబోన్ వాయిస్తున్న కుర్రాడికి పద్నాలుగేళ్లుంటాయేమో. విరామంలో బకెట్ పట్టుకొచ్చాడు. బావ పది డాలర్లు వేసి, “వీడియో తీయనా?” అని సైగ చేశాడు. వాడు తలూపి, ట్రాంబోన్ ఎత్తాడు. ఆ వీడియో ఆరు నిమిషాలుంది. తీసినంతసేపూ నేను కదలకుండా ఫోను పట్టుకున్నా.

మీరు వెళ్తే, ఏ ఆదివారం ఏ దారిన ఊరేగింపు వస్తుందో డబ్ల్యు.డబ్ల్యు.ఓ.జెడ్ అనే లోకల్ రేడియో సైట్‌లో పెడతారు. నడిచే చెప్పులు వేసుకోండి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.