తొలి సాహసయాత్రకు భువనగిరి గుట్ట

సెలవుల విషయంలో మదరసా ఉపాధ్యాయుని కుటుంబానికి ఒక చిక్కు ఉంటుంది. మా వార్షిక సెలవులు షాబాన్ చివరలో మొదలై రంజాన్ అంతా సాగుతాయి. చాంద్రమానాన్ని అనుసరించే ఈ సెలవులు ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తూ ఉంటాయి. బడికి, కాలేజీకి వెళ్ళే పిల్లల సెలవులేమో ఎండాకాలాన్ని విడిచి కదలవు. అందువల్ల మేమందరం కలిసి ఇల్లు కదలగలిగే రోజులు ఏడాదికి నాలుగైదుకు మించవు. ఆ కొద్ది రోజులూ బంధువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళకే సరిపోయేవి.

ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్న మా పెద్దమ్మాయి ఒక రాత్రి భోజనాల దగ్గర, "అబ్బా, ఈసారి ఎవరి ఇంటికీ వద్దు. ఏదైనా కొండ ఎక్కుదాం" అన్నది. దస్తర్‌ఖాన్ చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం అలముకున్నది. మా అమ్మగారు నీళ్ళ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. ఆ చూపుకు కారణం పాఠకులకు చెప్పక తప్పదు.

పదకొండేళ్ళ క్రితం, వర్షాకాలంలో, దినపత్రికలో ఒక జలపాతం ఫోటో చూసి ముచ్చటపడి రెండు కుటుంబాలను వెంటబెట్టుకొని బయలుదేరాను. అక్కడికి అంతకుముందు వెళ్ళినవారెవరినీ విచారించలేదు. దారి ఎంత దూరమో, సమీపంలో ఆసుపత్రి ఎక్కడ ఉన్నదో తెలుసుకోలేదు. రోడ్డు నుంచి అడవిలో గంటన్నర నడవవలసి వచ్చింది. నాచు పట్టిన బండ మీద మా తమ్ముని కుమారుడు జారిపడ్డాడు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. మోకాలి కింద ఎముక విరిగింది. ఫోనుకు సిగ్నల్ లేదు. రెండు వెదురు కర్రలకు దుప్పటి కట్టి, దారిలో కలిసిన పశువుల కాపరుల సాయంతో మోసుకొని రోడ్డుకు చేరేసరికి మగ్రిబ్ దాటిపోయింది. ఆ తరువాత రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. ఈ రోజుకూ వాడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. మా తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ఆనాటి నుంచి మా ఇంట్లో అటువంటి ప్రయాణాల ఊసు లేదు. అమ్మాయికి అది నిషేధంగా తోచింది. నాకేమో అది ఒక అప్పులా ఉండిపోయింది.

అమ్మాయి ఊరికే అడగలేదు. మాలావత్ పూర్ణ గురించి చదివి వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆ గిరిజన బాలిక 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరం చేరాడు. "ఆమె పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. నాకు పదహారేళ్ళు. నాకు ఒక గుట్ట కూడా వద్దంటే ఎలా?" అన్నది మా అమ్మాయి.

వాదన బాగానే ఉన్నది. అయితే అమ్మాయి చదివిన వ్యాసంలోనే ఇంకొక సంగతి ఉన్నది. ఆ పిల్లలు నేరుగా ఎవరెస్టుకు వెళ్ళలేదు. వారికి మొదటి పాఠాలు భువనగిరి గుట్ట మీద జరిగాయి. అక్కడ నెగ్గినవారిని డార్జిలింగ్‌కు, ఆ తరువాత లడఖ్ చలిలో శిక్షణకు పంపారు. అటు పిమ్మటే ఎవరెస్టు. ఈ క్రమాన్ని అమ్మాయికి వేలితో చూపించాను. "అయితే మనమూ భువనగిరికే వెళ్దాం" అన్నది. ఆ విధంగా నేను నా మాటకే దొరికిపోయాను.

అయినా వెంటనే సరేననలేదు. రెండు వారాలు ఆలోచించాను. ఈలోగా బంధువులు రకరకాల పేర్లు చెప్పారు. మా బావమరిది కుమారుడు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్దామన్నాడు. మొదటిసారి వెళ్ళేవారికి అదే అనువైనదని అందరూ అంటారని అతని మాట. ఆ శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. చలికాలంలో మంచు మీద నడవాలి. సముద్రమట్టానికి దాదాపు 8,000 అడుగులు దాటిన తరువాత గాలి పలుచబడి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలయ్యే అవకాశం ఉంటుంది. ఎంత బలిష్ఠుడికైనా అది రావచ్చు. లేహ్ నగరానికి విమానంలో దిగినవారిని మొదటి ఒకటి రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోమనడం ఇందుకే. రోజూ పర్వతాలలో తిరిగేవాడు ఒక దారిని "సులభం" అన్నాడంటే అది అతనికి సులభమని అర్థం. హైదరాబాదు వీధులలో పుట్టి పెరిగి, మూడో అంతస్తుకు లిఫ్టు వెతుక్కునేవారికి ఆ మాట వర్తించదు.

గోదావరి మీద పడవలో పాపికొండలు చూసి రమ్మని మరొకరు సలహా ఇచ్చారు. అందమైన ప్రదేశమే, సందేహం లేదు. అయితే 2019 సెప్టెంబరు 15న నది వరద మీద ఉన్నప్పుడు కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి ఎన్నో కుటుంబాలు ఛిన్నాభిన్నమైన సంగతి మనమెవ్వరం మరువలేదు. అదే నది చలికాలంలో నిదానంగా ప్రవహిస్తుంది. స్థలం ఒక్కటే, ఋతువు మారితే అది వేరే స్థలమౌతుంది. నా జలపాతమూ అంతే. డిసెంబరులో వెళ్ళి ఉంటే ఆ బండ పొడిగా ఉండేది.

బెలూం గుహలు నా మనస్సుకు నచ్చాయి. నంద్యాల జిల్లాలోని ఆ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రస్తావించాడు. పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర వరకే సందర్శకులకు తెరిచారు. దీపాలున్నాయి, నడవడానికి బాట ఉన్నది. కానీ లోపల ఉక్కగా ఉంటుంది. మా అమ్మాయి వాళ్ళ అమ్మకు ఉబ్బసం. ఇరుకైన చోట ఊపిరాడకపోతే వెనుదిరిగి బయటకు రావడానికి కూడా నడవవలసినది అంత దూరమే. ఈ ఒక్క కారణంతో దానిని పక్కన పెట్టాను. గండికోట కూడా ఆలోచించాము. పెన్నా నది చీల్చిన ఆ లోయ, కోటలోని జామియా మసీదు, ధాన్యాగారం చూడదగినవి. కానీ లోయ అంచున చాలా చోట్ల కంచె లేదు. మా చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. వాడు నడవడు, పరుగెత్తుతాడు. వాడికి ఇంకొక నాలుగేళ్ళు నిండనివ్వాలనుకున్నాను.

చివరకు భువనగిరే మిగిలింది. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్లు. వరంగల్ రహదారి మీదనే ఉన్నది, రైలు కూడా ఉన్నది. గుట్ట ఒకే శిల. సుమారు 500 అడుగుల ఎత్తున బోర్లించిన పాత్రలా కనిపిస్తుంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. అన్నిటికంటే నాకు నచ్చిన విషయం, గుట్ట పాదం దగ్గరే ఊరు ఉండటం. ఆసుపత్రి, మసీదు, హోటలు అన్నీ కనుచూపు మేరలో ఉంటాయి. ఏ మెట్టు మీద అలసినా అక్కడి నుంచే వెనుదిరగవచ్చు. పదకొండేళ్ళ క్రితం నేను వెతకనివి సరిగ్గా ఇవే.

(మా విద్యార్థులు, "ఉస్తాద్, అక్కడ ఖస్ర్ చేయాలా?" అని అడిగారు. మన హనఫీ ఉలమాలు సుమారు 77 కిలోమీటర్లను ప్రయాణ దూరంగా లెక్కిస్తారు. భువనగిరి అంత దూరం కాదు, పూర్తి నమాజే. విహారానికి వెళ్తూ రకాతులు తగ్గించుకోవాలనుకున్నవారికి నిరాశే ఎదురైంది.)

బయలుదేరేముందు మూడు వారాలు వరుసగా శుక్రవారం ఉదయం గోల్కొండకు వెళ్ళాము. బాలాహిసార్ వరకు దాదాపు 360 మెట్లు. మొదటి వారం నేను నాలుగుసార్లు కూర్చున్నాను, మూడవ వారం రెండుసార్లు. మా అమ్మాయి ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎవరి కాలు ఎంతవరకు సహకరిస్తుందో, ఎవరి చెప్పు కొరుకుతుందో, ఎవరు నీళ్ళు తాగడం మరచిపోతారో తెలిసింది ఇక్కడే. కొత్త బూట్లు కొని నేరుగా గుట్టకు వెళ్ళి ఉంటే మా ఆవిడ మడమలు పుండ్లు పడేవి. ఆ పని గోల్కొండలోనే జరిగిపోయింది.

దుస్తుల విషయమై మన ఇళ్ళలో అనేక ప్రశ్నలు వస్తాయి కనుక కొంత వివరంగా చెబుతాను. మెట్ల దారికి మామూలు సల్వార్ కమీజు, పైన పొడవైన కోటు, పిన్నులతో బిగించిన హిజాబ్ చాలు. చీలమండలు దాటి నేలను ఒరిసే బుర్ఖా మాత్రం దిగేటప్పుడు కాలికి అడ్డుపడుతుంది. తాడు కట్టుకొని బండ మీద నుంచి దిగే శిక్షణ తీసుకునేవారైతే మరొక జాగ్రత్త ఉన్నది. తాడు జారే ఇనుప పరికరంలో వేలాడే దుపట్టా కొసలుగానీ, విడిచిన జుట్టుగానీ చిక్కుకుంటే మనిషి మధ్యలోనే ఆగిపోతుంది. కొసలన్నీ లోపలికి దోపుకోవాలి. రెండవ తాడు ఉన్నదా, దాన్ని ఎవరు పట్టుకుంటారు, హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగుస్తుందా, ఆడపిల్లలకు మహిళా శిక్షకులు ఉన్నారా అన్నవి తండ్రులు ముందుగానే అడగవలసిన ప్రశ్నలు. అడిగినందుకు విసుక్కునేవారి చేతిలో పిల్లలను పెట్టకపోవడం మంచిది. మేము మొదటిసారి కనుక తాళ్ళ జోలికి పోలేదు.

డిసెంబరు చివరి వారంలో ఫజ్ర్ చదువుకొని బయలుదేరాము. ఆదివారమైతే యాదగిరిగుట్ట భక్తుల రద్దీ రహదారి మీద ఎక్కువగా ఉంటుందని బుధవారం ఎంచుకున్నాము. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. మరొక సీసాలో లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం. చెంచాలు తలకొట్టినవే ఉండాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. గుట్ట పైన నీటి గుండాలున్నాయి గానీ ఆ నీరు తాగడానికి పనికిరాదు.

మా తమ్ముని కుమారుడూ వచ్చాడు. నేను పిలవలేదు, పిలిచే ధైర్యం లేదు. అమ్మాయే వాడికి ఫోను చేసిందట. "పెద్దబ్బా, నేనూ వస్తాను. ఎంతవరకు వీలైతే అంతవరకే" అన్నాడు. అంతకంటే వివేకమైన మాట ఆ యాత్రలో మరెవ్వరి నోటా వినలేదు.

మొదట కోట ద్వారాలు వచ్చాయి. వాటిని దాటాక మెట్లు, ఆపైన బండనే చెక్కిన అడుగులు. ఎండ ఇంకా ఎక్కలేదు గనుక రాయి చల్లగా ఉన్నది. ఈ రాయి మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. వేసవిలో ఇక్కడికి రావాలనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి. మేము పది గంటలకల్లా కిందికి దిగాలని ముందే నిర్ణయించుకున్నాము. పైకి చేరినా, చేరకపోయినా.

సగం దూరంలో చదునుగా ఉన్న ఒక చోట వాడు ఆగిపోయాడు. ఎక్కగలను గానీ దిగేటప్పుడు కాలు నమ్మకం ఇవ్వదన్నాడు. ఎవరైనా ఆగితే వారితో ఒక పెద్దవారు ఆగాలన్నది మేము పెట్టుకున్న నియమం. నా మోకాళ్ళు కూడా అప్పటికే ఫిర్యాదు చేస్తున్నాయి. నేను ఆగిపోతానన్నాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అబ్బా, మీరు లేకుండానా?" అన్నది. "మీ అమ్మీ ఉన్నారు కదా. ఆమె ఎక్కడ ఆగితే నువ్వూ అక్కడే ఆగాలి" అన్నాను. చిన్నవాడి చెయ్యి తల్లి పట్టుకున్నది. మా ఆవిడ మందు గొట్టం సంచిలో ఉన్నదో లేదో ఇంకొకసారి తడిమి చూసుకొని ముందుకు నడిచింది. ముగ్గురూ మలుపు తిరిగి కనబడకుండా పోయారు.

మేమిద్దరం బండకు ఆనుకొని కూర్చున్నాము. కింద ఊరి కప్పులు, రైలు పట్టాలు, దూరంగా చెరువు. చాలాసేపటి వరకు మాటలు లేవు. చివరకు పదకొండేళ్ళుగా చెప్పని మాట చెప్పాను. ఆ రోజు తప్పు నాదేనన్నాను. వాడు నవ్వి, "పెద్దబ్బా, నాకు ఆ రోజులో బాగా గుర్తున్నది ఏమిటో తెలుసా? మీరు దుప్పటి ఒక కొస పట్టుకొని దారి పొడవునా చెయ్యి మార్చుకోలేదు. మీ భుజం ఎంత నొప్పి పుట్టి ఉంటుందో అని అప్పుడే అనుకున్నాను" అన్నాడు. నాకు ఆ భుజం సంగతి గుర్తే లేదు.

ముప్పావు గంట తరువాత పై నుంచి కేక వినిపించింది. పాడుబడిన గోడ పక్కన మా అమ్మాయి చిన్న చుక్కలా నిలబడి చెయ్యి ఊపుతున్నది. పక్కన తల్లి కూర్చొని ఉన్నది, చిన్నవాడు ఆమె ఒడిలో. వాడు ఫోను తీసి ఫోటో తీశాడు. అందులో గోడ మాత్రమే కనిపిస్తుంది.

దిగడానికి ఎక్కినంత సమయమూ పట్టింది. పది దాటి ఇరవై నిమిషాలకు కింద ఉన్నాము. హోటల్లో ఇడ్లీలు తిని కాసేపు విశ్రమించి, ఊరి మసీదులో జుహర్ చదువుకొని బయలుదేరాము. కారులో అందరూ నిద్రపోయారు, అమ్మాయి తప్ప. ఘట్‌కేసర్ దాటాక ముందుకు వంగి, తాడుతో దిగే శిక్షణలో మొదటి తరగతికి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. విచారించి చెబుతానన్నాను. ఈసారి నిజంగానే విచారిస్తున్నాను.