బతుకమ్మ నాటికి పూచే పొట్టి ఎనిమోన్లు

వదినగారూ, ఈ ఏడూ చామంతి కుండీలే తెచ్చారా? రంగు బావుంది, ఆ ఇటుక రంగు మీ గుమ్మానికి నప్పింది కూడాను. కానీ ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. సెప్టెంబరు రాగానే కొట్ల ముందు బారులు తీర్చి పెట్టే ఈ చామంతుల్ని నిండా మొగ్గల మీద ఉండగా అమ్ముతారు. బలమంతా పువ్వులకే పోతుంది. వేళ్లేమో ఆ కుండీలోనే చుట్టుకుపోయి ఉంటాయి. ఇప్పుడు నేలలో పాతినా చలి ముదిరేలోపు వేరు దిగదు. నవంబరుకి చెత్తలోకి, మళ్లీ సెప్టెంబరుకి కొట్టుకి. మీరు ఇల్లు కొనుక్కున్నారు, ఇక్కడే ఉంటారు. ఏటేటా తనంతట తానే లేచి పూచే మొక్క వేసుకోవాలి మీరు.

ఇలా ఫెన్స్ దగ్గరికి రండి. మా మేపుల్ చెట్టు నీడ అంచున ఆ గులాబీ పూలు కనిపిస్తున్నాయా? మధ్యలో పసుపు రంగు పుప్పొడి చక్రం, దాని నడుమ ఆకుపచ్చ బొడిపె. అవి ఎనిమోన్లు. జాపనీస్ ఎనిమోన్ అంటారు గానీ పుట్టిల్లు చైనా. అక్కణ్ణుంచి ఏనాడో జపాన్ చేరి అక్కడి తోటల్లో స్థిరపడిపోయింది. రాబర్ట్ ఫార్చూన్ అని ఒక స్కాట్లండ్ ఆయన 1840ల్లో షాంఘై దగ్గర సమాధుల మధ్య ఇది పూస్తుంటే చూసి లండన్ పంపించాడు. ఆ తర్వాత చైనా నుంచి తేయాకు మొక్కల్ని రహస్యంగా హిమాలయాల దిగువకి చేరవేసింది కూడా ఆయనే. మనం పొద్దున్నే తాగే టీ వెనకా, ఈ పువ్వు వెనకా ఒకే మనిషి ఉన్నాడంటే నాకు భలే ఆశ్చర్యం వేస్తుంది.

మరో విచిత్రం చూడండి. ఆ రేకులు నిజానికి రేకులు కావు. బడిలో రక్షక పత్రాలని చదువుకున్నామే, అవే ఇందులో రంగు తెచ్చుకున్నాయి. తేనె ఉండదు, పుప్పొడి మాత్రం బోలెడు. ఎండ పొడ తగిలిందంటే తేనెటీగలు వచ్చి వాలిపోతాయి.

ఇప్పుడెందుకు ఇంత చెప్తున్నానంటే, మన న్యూజెర్సీ తోటల్లో ఆగస్టు నెలాఖరుకి అన్నీ డస్సిపోతాయి. డేలిలీలు అయిపోతాయి, హోస్టా ఆకులు చిల్లులు పడి ఉంటాయి, హైడ్రాంజియాలు వెలిసిపోతాయి. సరిగ్గా అప్పుడే మనకి పండగలు మొదలు. వినాయక చవితి, ఆ వెనకే మీ బతుకమ్మ, దసరా. ఇంటికి నలుగురూ వచ్చే రోజుల్లో పెరడు బోసిగా ఉంటుంది. ఈ ఎనిమోన్ సెప్టెంబరులో మొదలెట్టి, మంచు కాటు తగిలేదాకా పూస్తూనే ఉంటుంది. అందరూ అలిసిపోయాక వచ్చే పువ్వు కాబట్టే నాకింత ఇష్టం.

అయితే ఏ ఎనిమోన్ అన్నది చూసి కొనాలి. ఇందులో బాగా పేరున్నది హోనరీన్ జోబెర్. తెల్లటి పువ్వు. 1858లో ఫ్రాన్సులో వెర్డన్ ఊళ్లో ఒకాయన తోటలో గులాబీ రంగు మొక్కకి తెల్ల కొమ్మ పుట్టింది, అదే ఇది. ఇక్కడి పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ వాళ్లు 2016లో దీన్నే ఆ ఏటి మేటి మొక్కగా ఎంచుకున్నారు. అందానికి వంక పెట్టలేం. కానీ పూకాడలు మూడు, నాలుగు అడుగులు లేస్తాయి. మన సెప్టెంబరు సంగతి తెలుసుగా, 2021లో ఐడా తుఫాను తాలూకు వాన ఒకటో తారీకునే ఎంత ముంచేసిందో! అంత కాకపోయినా, ఒక పెద్ద గాలివాన చాలు, పొడుగు కాడలు సాగిలపడిపోవడానికి. కర్రలు పాతాలి, తాళ్లు కట్టాలి. పైగా కుదురుకున్నాక నేల కింద వేళ్లు సాగదీసి పక్క మడిలో మొలుస్తుంది. అరెకరం పెరడున్న వాళ్లకి అది వరం. మన టౌన్‌హౌస్ వెనక ఉన్న ఈ పీలికంత జాగాకి పనికిరాదు.

అందుకే పొట్టి రకాలు అంటున్నాను. ప్రెటీ లేడీ అని ఒక వరస ఉంది: ఎమిలీ, సూజన్, డయానా, జూలియా అని పేర్లు. మహా అయితే రెండడుగులు. ఎమిలీ లేత గులాబీ, ముద్దపువ్వు. ఫాంటసీ అని ఇంకో వరస, అది ఇంకా కురచ. అందులో పోకహాంటస్ అన్నదానికి ఒత్తుగా రేకులుంటాయి. కర్ర అక్కర్లేదు, మడి ముందు వరసలో పెట్టుకోవచ్చు, వేళ్లు కూడా అంత దూకుడుగా పాకవు. కొన్ని నర్సరీల్లో లేబుల్ మీద ఎనిమోన్ అని కాకుండా ఎరియోకాపిటెల్లా అని ఉంటుంది. శాస్త్రవేత్తలు పేరు మార్చారు, మొక్క అదే. కంగారు పడకండి. ఎనిమోన్ బ్లాండా అని దుంపలు అమ్ముతారు, అది మాత్రం వేరు, వసంతంలో పూసి వేసవికి మాయమైపోతుంది.

ఎప్పుడు వెయ్యాలంటారా? ఇప్పుడు కాదు, ఏప్రిల్ చివరో మే మొదట్లోనో. శరత్తులో వేస్తే వేరు కుదురుకోకముందే నేల గడ్డకడుతుంది. చలి తీవ్రతని బట్టి చేసిన విభజనలో మనది ఏడో జోన్, ఇక్కడి చలికి ఇది చావదు. దీన్ని చంపేది చలికాలపు తడి. మీ వైపు గట్టర్ నీళ్లు పడే మూల ఉందే, అక్కడ అస్సలు వద్దు. మన బంకమట్టిలో ఆకుల ఎరువు దండిగా కలిపి, మడిని నాలుగంగుళాలు ఎత్తు చేసి పెట్టండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఎడం. వేసవిలో వారానికి అంగుళం నీళ్లయినా అందాలి, లేకపోతే ఆకుల అంచులు మాడతాయి. మట్టి సంగతి అనుమానంగా ఉంటే రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల మట్టి పరీక్షల ల్యాబ్‌కి ఓ సంచీలో పంపండి, కొద్ది డబ్బుకే ఏం తక్కువో రాసి పంపుతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటేడు ఇది మిమ్మల్ని నిరాశపెడుతుంది. గుప్పెడు ఆకులు, రెండో మూడో పూలు, అంతే. కింద వేరు పని చేసుకుంటోంది. రెండో ఏడు వసంతంలో ఇంకా కంగారు పెడుతుంది, ఎందుకంటే చుట్టుపక్కల అన్నీ చిగురించాక గానీ ఇది లేవదు. చచ్చిపోయిందనుకుని తవ్వేసేవాళ్లే ఎక్కువ. ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. దాని చుట్టూ డాఫోడిల్ దుంపలు వేస్తే ఆ ఖాళీ ఏప్రిల్లో పసుపుపచ్చగా నిండుతుంది, అవి వాడే వేళకి ఎనిమోన్ ఆకు పరుచుకుంటుంది. మూడో ఏడు చూడండి, అప్పుడు పిలుస్తారు మీరే నన్ను.

జింకలా? అవి రాని ఊరెక్కడుంది ఇక్కడ! మా హోస్టాలన్నీ మొదలంటా నమిలిపోయాయి గానీ దీని జోలికి పెద్దగా రాలేదు. ఆకులో చేదూ ఘాటూ ఉంది, కొంచెం విషం కూడా. అందుకే కత్తిరించేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి, పసరు తగిలితే కొందరికి దురద పుడుతుంది. మీ బాబు ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు, వాడికి అందని చోట పెట్టండి. జులై, ఆగస్టుల్లో నల్లగా సన్నగా పురుగులు గుంపుగా వచ్చి ఆకులు జల్లెడ చేస్తాయి. బ్లిస్టర్ బీటిల్స్ అంటారు. ఒట్టి చేత్తో పట్టుకున్నారో, బొబ్బలే. సబ్బునీళ్ల గిన్నె కింద పెట్టి, కొమ్మ దులిపితే అందులో పడతాయి.

బతుకమ్మలోకి పేర్చుకోవచ్చా అన్నారు కదూ? వద్దండీ. పసరు సంగతి చెప్పానుగా, పైగా తెంపిన పువ్వు ఎక్కువసేపు నిలవదు. బతుకమ్మకి వేరే ఉంది నా దగ్గర. ఈ ఎనిమోన్ల వెనక ఊదారంగు ఆస్టర్లు, వాటి పక్కన గోల్డెన్‌రాడ్ ఉన్నాయి చూడండి. రెండూ ఈ నేల మొక్కలే, ఈ గడ్డ మీది పురుగులకీ సీతాకోకలకీ అవే ఆధారం. తంగేడు దొరకని దేశంలో ఆ పసుపుపచ్చని గోల్డెన్‌రాడ్ కంకి తాంబాళంలో నిండుగా కూర్చుంటుంది. కావలసినంత కోసుకోండి. ఎనిమోన్‌ని మాత్రం నేలమీదే చూసుకుందాం, మీరు పెరట్లో ఆడేటప్పుడు పక్కన అవి ఊగుతుంటే ఎంత బావుంటుంది!

డెక్ మీద కుండీలో పెడతారా? పెట్టొచ్చు, పొట్టి రకాలకి అదో సుఖం. కుండీ పెద్దది కావాలి, అడుగున చిల్లు ఉండాలి. జనవరిలో కుండీలో మట్టి నలువైపులా గడ్డకడుతుంది కాబట్టి గోడ పక్కకో గరాజులోకో జరపండి, మట్టి మరీ ఎండిపోకుండా అప్పుడప్పుడూ కాస్త తడపండి.

పిలక ఇమ్మంటారని నాకు తెలుసు, మన ఊళ్లల్లో మల్లె అంటయినా కనకాంబరం మొక్కయినా గోడ మీంచే కదా చేతులు మారేది. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. 1930లో అమెరికాలో మొక్కలకీ పేటెంట్ చట్టం వచ్చింది. లేబుల్ మీద పీపీ అని, పక్కన నంబరు ఉంటే, ఆ రకాన్ని పిలకలు తీసి పెంచకూడదు. ఇప్పుడైతే దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఇరవై ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. మొక్కని మలచడానికి ఏళ్ల తరబడి కష్టపడిన వాళ్ల కూలి అది, నాకు న్యాయంగానే తోస్తుంది. కాబట్టి పొట్టివి నర్సరీలో కొనుక్కోండి, ఏప్రిల్లో నేనూ వస్తాను, ఆకు చూసి ఎంచుదాం. హోనరీన్ జోబెర్ మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. ఫిబ్రవరి చివర్లో రెండంగుళాల వేరుముక్కలు కోసి ఇసుక కలిపిన మట్టిలో పెడతాను. మొలిచాక అవి ఈ చిన్న జాగాలో వద్దు, మీ చెల్లెలు వాళ్లు పెద్ద పెరడున్న ఇంట్లోకి మారుతున్నారన్నారుగా, వాళ్లకి పంపిద్దాం. వాళ్ల వెనక నీడ ఎటు పడుతుందో ఒకసారి అడిగి చెప్పండి.