తుంగ

కొల్లేటి గట్ల వెంట నడిస్తే నా చూపు ముందు తుంగ మీదే పడుతుంది. రైతుకది పగ. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. దున్నితే గొలుసుకట్టు గడ్డలు తెగి, తెగినవన్నీ మళ్లీ మొలుస్తాయి. వరి చేలో నీళ్లు నిలిస్తే కాస్త అణుగుతుంది. తాడేపల్లిగూడెం మెరక చేలల్లో దానికి అడ్డే లేదు. 90కి పైగా దేశాల రైతులు దీనితో వేగుతున్నారు.

అయినా నాకిష్టం. ఎండు గడ్డ నలిపి వాసన చూడండి! ఆ తుంగముస్తలే సున్నిపిండిలో పడతాయి, అజీర్ణానికిచ్చే ముస్తారిష్టానికీ అవే మూలం. కొట్లో కొనుక్కుంటాం, చేలో మందు కొట్టి చంపుతాం. కలుపు తియ్యాల్సిందే, కాదనను. తీసిన గడ్డల్ని కడిగి ఎండబెట్టుకుంటే ఏం పోయింది? మందు కొట్టిన చేలవి, మురుగుకాలవ పక్కవి మాత్రం వద్దు.