పగటి చీకటిలో వినబడిన స్వరము

నేను తెలుగు పండితుడనై నల్లగొండ జిల్లాలోని యొక పల్లె పాఠశాలలో చేరినది 1979 లో. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, “అయ్యా, మా రేడియోలో పగలు దగ్గరి కేంద్రములే పలుకును. చీకటిపడినచో దూరపు కేంద్రములు గూడ వినవచ్చును. కారణమేమి?” అని అడిగెను.

“రాత్రి నిశ్శబ్దముగా నుండును గదా! అందుచేత” అంటిని.

“మధ్యాహ్నము గూడ మా యిల్లు నిశ్శబ్దముగనే యుండునయ్యా!” అనెను.

తరగతి గొల్లున నవ్వెను. నేను వానిని గద్దించి కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు సామాన్యశాస్త్రోపాధ్యాయుని యొద్ద పుస్తకము తెచ్చుకొని చదివితిని.

రేడియో తరంగము ధ్వని కాదు. నిశ్శబ్దముతో దానికి పనిలేదు. భూమికి సుమారు 60 కిలోమీటర్ల పైనుండి, సూర్యుని అతినీలలోహిత కిరణములును, ఎక్సు కిరణములును గాలి అణువులనుండి ఎలక్ట్రానులను విడదీయుచుండును. ఎలక్ట్రానును కోల్పోయిన అణువు అయాను. ఇట్టి ఆవేశకణములు గల ప్రదేశమే అయనోవరణము. అట్టి పొర యుండవలెనని 1902 లో కెన్నెలీ, హెవిసైడ్ అనువారు ఊహించిరి. 1924 లో ఆపిల్టన్ ప్రయోగముచే నిరూపించెను.

తరంగము సోకినంతనే తేలికయైన ఎలక్ట్రానులు ఊగులాడును. 90 కిలోమీటర్లకు లోపలి పొరలో గాలి కొంత చిక్కన. ఊగెడి ఎలక్ట్రాను మాటిమాటికి అణువులను ఢీకొని, తాను గ్రహించిన శక్తిని వేడిగా పోగొట్టుకొనును. జాతరలో నిండుకుండతో నడచువాని నీరు దారిలోనే యొలికిపోవునట్లు, మధ్యతరంగముల బలము పగటివేళ అక్కడనే హరించును. సూర్యాస్తమయము కాగానే యీ పొరలోని ఎలక్ట్రానులు మరల అణువులలో కలిసిపోవును. ఇంకను పైన గాలి మిక్కిలి పలుచన. అచట కలయిక అరుదగుటచే ఎలక్ట్రానులు రాత్రియు మిగిలియుండును. తరంగము అంతవరకు పోయి, వంగి, వందల కిలోమీటర్ల దూరమున నేలకు దిగును.

మూడవనాడు తరగతిలో, “తెలియదని చెప్పవలసినచోట నిన్ను గద్దించితిని, తప్పు నాది” అని యొప్పుకొని, ఇదంతయు వివరించితిని. వాడు కొంచెమాలోచించి, “అయితే సూర్యగ్రహణమునాడు పగలే వినబడునా?” అనెను.

“తెలియదు. కలిసి విందము” అంటిని.

1980 ఫిబ్రవరి 16 న మా ప్రాంతమున సంపూర్ణ సూర్యగ్రహణము కలిగెను. ఇంటింట తలుపులు మూయబడెను. మే మిరువురము లోపల రేడియో చెంత కూర్చుంటిమి. చీకటి క్రమ్మినంతనే, గరగరల నడుమనుండి ఎన్నడును పగలు వినని దూరపు స్వర మొకటి సన్నగా వినవచ్చెను. వెలుగు రాగానే క్రమముగా మాయమయ్యెను.

బాలుడు నావైపు చూచి నవ్వెను. నా పండితవృత్తిలో అంతకు మించిన సన్మానము నే నెరుగను.